దర్శకుడు మారితే సీత మారుతుందా?

“ఆ సినిమా ఫలానా ఆయన తీసి ఉంటేనా...” అనే మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. సాహిత్య సభ ముగిశాక టీ దగ్గర, యూనివర్సిటీ క్యాంటీన్లో, పత్రికల సినిమా పేజీల్లో ఈ ఆట నడుస్తూనే ఉంటుంది. ఆడేవాళ్ళు సరదా అంటారు. నేను ఒప్పుకోను. ఊహకి హద్దు లేనిచోట కూడా మనిషి దేన్ని కదపకుండా వదిలేస్తాడో చూస్తే అతని లోకం ఏమిటో తెలిసిపోతుంది. ఈ ఆటలో దర్శకుడు మారతాడు, హీరో మారతాడు, బడ్జెట్ మారుతుంది, క్లైమాక్స్ మారుతుంది. స్త్రీ నిలబడ్డ చోటు మాత్రం మారదు. నా పేచీ దాంతోనే.

ఈ ఆటకి ప్రపంచస్థాయి గౌరవం కూడా వచ్చింది. 2017లో ‘జస్టిస్ లీగ్’ అనే సూపర్‌హీరో సినిమా పూర్తి కాకముందే దర్శకుడు జాక్ స్నైడర్ కూతురి మరణంతో తప్పుకున్నాడు. నిర్మాణసంస్థ జాస్ వీడన్‌తో పని ముగించింది. అభిమానులు ఏళ్ళ తరబడి అడిగి అడిగి 2021లో స్నైడర్ కూర్పుని నాలుగు గంటల సినిమాగా సాధించుకున్నారు. ఒకే కథ, ఇద్దరు దర్శకులు, రెండు సినిమాలు! ‘ఇంకో దర్శకుడు తీసి ఉంటే’ అన్న ఊహ కళ్ళ ముందు నిజమైంది. అంత పెద్ద గొడవలోనూ పోటీ ఒక మగ చూపుకీ ఇంకో మగ చూపుకీ మధ్యనే నడిచింది.

అదే సంస్థ, అదే ఏడాది ‘వండర్ వుమన్’ విడుదల చేసింది. దర్శకురాలు ప్యాటీ జెంకిన్స్. ఆమె సినిమాలో అమెజాన్ స్త్రీలు యుద్ధానికి పనికొచ్చే కవచాలతో కనిపిస్తారు. కొన్ని నెలలకే వచ్చిన ‘జస్టిస్ లీగ్’లో అదే తెగ స్త్రీలలో కొందరికి పొట్ట బయటపడే దుస్తులు ఎందుకొచ్చాయని చాలామంది స్త్రీలు నిలదీశారు. కాబట్టి దర్శకత్వం ఎవరిదన్న దాన్ని బట్టి తేడా రాదని నేనెలా అంటాను? వస్తుంది. కానీ ఎంతవరకు? ఆ సినిమాకి మొదట తీసుకున్న మిషెల్ మెక్‌లారెన్ అనే దర్శకురాలు 2015లోనే అభిప్రాయభేదాలతో వెళ్ళిపోయింది. జెంకిన్స్ తలపెట్టిన మూడో భాగం ముందుకు సాగడం లేదని 2022 డిసెంబరులో వార్త వచ్చింది. దర్శకులు వస్తారు, పోతారు. పాత్ర మాత్రం యజమాని సొత్తు. ఆ యజమాని ఎవరన్న ప్రశ్న ఈ ఆటలో ఎప్పుడూ రాదు.

హాలీవుడ్ గొడవ మనకెందుకు అనుకోవద్దు. నడుమలో దర్శకుడు లేకుండా పోయిన సినిమా తెలుగులోనే ఉంది. అదీ మన మన్యం కథే.

1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ కృష్ణకు నూరో సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోప్. చిత్రీకరణ సాగుతుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు చనిపోయారు. మిగిలిన భాగాన్ని కృష్ణ పూర్తి చేశారు, పోరాట దృశ్యాలు కె.ఎస్.ఆర్. దాస్ చేశారు. పేరు మాత్రం రామచంద్రరావుదే వేశారు. ఈ సంగతిని సినిమా చరిత్ర రాసేవాళ్ళు గౌరవంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. రామచంద్రరావు బతికి ఉంటే సినిమా ఎలా ఉండేదన్న మాట నేను చాలాసార్లు విన్నాను. నేను ఒక్కసారి కూడా వినని మాట ఇంకొకటి ఉంది.

ఆ సినిమాలో సీతగా వేసిన విజయనిర్మల అప్పటికే దర్శకురాలు! 1973లోనే మలయాళంలో ‘కవిత’, తెలుగులో యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా ‘మీనా’ తీసి ఉన్నారు. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1953లో, భానుమతి ‘చండీరాణి’ తీశారు. 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ తీశారు. అంటే తెలుగులో స్త్రీ దర్శకత్వం చేయడమన్నది అప్పటికి ఊహకందని వింతేమీ కాదు. దర్శకుడి కుర్చీ ఖాళీ అయిన సినిమాలోనే ఒక దర్శకురాలు ఉన్నారు, ప్రియుడి కోసం ఎదురుచూసే పాత్రలో. యాభై ఏళ్ళుగా ‘ఇంకో దర్శకుడు’ ఆట ఆడుతున్న పెద్దమనుషుల్లో ఒక్కరికైనా “ఆ మిగతా సగం విజయనిర్మల తీసి ఉంటే?” అన్న ఊహ ఎందుకు రాలేదు? వాస్తవంలో ఆమెకి ఆ అవకాశం ఎందుకు రాలేదన్నది వేరే చర్చ. ఖర్చు లేని ఊహలోనైనా ఆమెకి చోటు లేకపోవడం నన్ను నిద్ర పోనివ్వదు.

ఆమె తీసి ఉంటే సీత మారేదా అంటే, తప్పకుండా మారేదని బల్లగుద్ది చెప్పను. అదే 1974లో ఆమె ‘దేవదాసు’ తీశారు. వ్యాపార సినిమా పద్ధతులన్నీ తెలిసిన మనిషి. ఆమెను తీసుకొచ్చి స్త్రీవాద జెండా చేతిలో పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆడమనిషి దర్శకత్వం చేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయన్న మన మిత్రుల ఆశతో కూడా నాకు పేచీ ఉంది. 2024 జనవరిలో ‘హనుమాన్’ పెద్ద విజయం సాధించాక ప్రశాంత్ వర్మ తన సూపర్‌హీరోల వరసలో ‘మహాకాళి’ని ప్రకటించారు. దర్శకురాలు పూజ అపర్ణ కొల్లూరు. సంతోషమే. కానీ కథ ప్రశాంత్ వర్మది, వరసా ఆయనదే. ఇల్లు ఆయనది, అందులో ఒక గది ఆమెకిచ్చారు. ఆ గదిలో ఆమె ఏం చేసినా నేను ఆసక్తిగా చూస్తాను. ఇల్లు మారిందని మాత్రం అనను.

మళ్ళీ సీత దగ్గరకొద్దాం. అల్లూరికి సీత అనే ప్రియురాలు ఉన్నదనడానికి చరిత్రలో గట్టి ఆధారం దొరకలేదు. అది జనం నోట, నాటకాల్లో, సినిమాలో పెరిగిన కథ. వీరుడు త్యాగం చేశాడని చూపించాలంటే త్యజించడానికి ఒక స్త్రీ కావాలి కదా! అమెరికాలో గెయిల్ సిమోన్ అనే కామిక్స్ రచయిత్రి 1999లో ఒక జాబితా తయారుచేసింది. హీరోకి కోపమో దుఃఖమో తెప్పించడానికి చంపబడిన, హింసించబడిన స్త్రీ పాత్రల జాబితా అది. ఒక కథలో హీరో ప్రియురాలి శవాన్ని ఫ్రిజ్‌లో కుక్కారు కాబట్టి ఆ జాబితాకి ‘ఫ్రిజ్‌లో స్త్రీలు’ అని పేరు. మన సీతను ఎవరూ ఫ్రిజ్‌లో పెట్టలేదు. గుమ్మంలో నిలబెట్టారు.

48 ఏళ్ళ తర్వాత, 2022 మార్చి 25న, ‘ఆర్ ఆర్ ఆర్’ వచ్చింది. దర్శకుడు మారాడు, కాలం మారింది, సాంకేతికత ఆకాశమంత ఎత్తుకి పోయింది. ఈ సినిమాయే ఒక ప్రత్యామ్నాయ చరిత్ర. జీవితంలో ఎన్నడూ కలవని అల్లూరి, కొమురం భీంలు కలిసి ఉంటే అన్న ఊహ. చరిత్రని ఇంత ధైర్యంగా విరగ్గొట్టిన ఊహ సీతని ఏం చేసింది? మళ్ళీ గుమ్మంలోనే నిలబెట్టింది. ఊళ్ళో ఎదురుచూసే మరదలు, చేతిలో అతని జ్ఞాపకం. ఇద్దరు మనుషుల జీవితాలని తారుమారు చేయగలిగిన స్వేచ్ఛ సీత దగ్గరకొచ్చేసరికి ఎందుకు చేతులు కట్టుకుంది?

గోండు స్త్రీల సంగతి ఇంకా అన్యాయం. ఆదిలాబాద్ అడవిలో మల్లి అనే పిల్ల పాడుతుంది. గవర్నర్ భార్య నాణేలు విసిరి పిల్లని తీసుకుపోతుంది. అవి పాటకిచ్చిన డబ్బులనుకున్న తల్లి నిజం తెలిసి కారుకి అడ్డం పడుతుంది, తల మీద దెబ్బ తిని కూలిపోతుంది. అక్కడితో ఆమె పని అయిపోయింది. కథ ఢిల్లీకి వెళ్ళిపోతుంది. భీం జీవిత కథల్లో సోంబాయి అనే భార్య ఉంది. సినిమాలో భీంకి మనసు కలిసేది దొరల ఇంటి అమ్మాయితో. చివరికి అల్లూరి ఏం కావాలని అడిగితే భీం చదువు చెప్పమంటాడు. ‘జల్, జంగల్, జమీన్’ అన్న నినాదాన్ని అల్లూరి రాసిస్తాడు. భీం అడవి వదిలి చంద్రాపూర్ వైపు వెళ్ళినప్పుడే చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన కథలు చెబుతాయి. ఆ నినాదాన్ని జనం ఆయన పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. ఆయన మాటని ఆయనకే ఇంకొకరు దానం చేసినట్టు చూపించడాన్ని కేవలం కల్పన అని ఎలా సరిపెట్టుకోను?

దుమ్ముగూడెం మండలంలో ఒక కోయ పెద్దమ్మ మనవడి ఫోన్‌లో ఆ సినిమా చూసింది. ఎలా ఉంది పెద్దమ్మా అంటే, “కొట్లాటలు బాగున్నయి గానీ, పిల్లను ఎత్తుకపోతాంటె ఆ తల్లి ఒక్కతే ఉరికిందేంది బిడ్డా? ఊళ్ళె ఆడోళ్ళంత ఏడబోయిన్రు?” అంది. పోడు భూముల దగ్గర అటవీ సిబ్బందికి ఎదురు నిలబడేటప్పుడు ముందు వరసలో ఆడవాళ్ళే ఉండే ప్రాంతం ఇది. వేసవిలో తునికాకు కోసేదీ, కట్టలు కట్టేదీ, రేటు కోసం కల్లంలో గొడవపడేదీ ఎక్కువగా వాళ్ళే. ఆమె అడిగిన ప్రశ్న ఒక్క విమర్శ వ్యాసంలోనైనా నాకు కనపడలేదు.

ఈ ప్రాంతానికి ఇంకో హీరో ఉన్నాడు, రామదాసు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న. 1964లో నాగయ్య ‘రామదాసు’ తీశారు. 2006లో రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’ తీశారు. ఆలయ ఐతిహ్యం ప్రకారం ఈ కొండ మీద విగ్రహాలని ముందుగా కనుగొన్నదీ, పందిరి వేసి పండూ కాయా నైవేద్యం పెట్టిందీ పోకల దమ్మక్క. గోపన్న వచ్చేసరికి దేవుడు ఆమె పందిట్లో ఉన్నాడు. 42 ఏళ్ళ తేడాతో దర్శకులు మారినా దమ్మక్క గోపన్న కథకి మొదటి మాటగానే మిగిలిపోయింది. దమ్మక్కే కథానాయికగా, గోపన్న చివర్లో వచ్చే తహసీల్దారుగా ఒక సినిమా ఊహించండి. దర్శకుడు ఎవరైనా సరే, అది వేరే సినిమా అవుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. కేంద్రం మారనంతకాలం దర్శకుడి పేరు మారడం ఒక చిన్న వార్త.

“సినిమా చరిత్ర పాఠం కాదమ్మా, వినోదాన్ని వినోదంగా చూడు” అని నాకు చాలామంది పెద్దలు హితవు చెప్పారు. వినోదమైతే తెర మీదే ఆగిపోవాలి కదా. మన దగ్గర ఆగడం లేదు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల గ్రామాలని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం ఊరు తెలంగాణలో మిగిలింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం పక్క రాష్ట్రమయ్యాయి. ‘ఆర్ ఆర్ ఆర్’ విడుదలైన పదో రోజున, 2022 ఏప్రిల్ 4న, ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక మండలాలు ‘అల్లూరి సీతారామరాజు’ జిల్లాలో చేరాయి. అదే ఏడాది జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. ఆ మండలాల ఊళ్ళు నీళ్ళలో మునిగాయి. పిల్లల్నీ, మేకల్నీ, గింజల మూటల్నీ తీసుకుని ఆడవాళ్ళు గుట్టలెక్కారు. వీరుడి పేరు జిల్లాకి దక్కింది. వీరుడు ఏ నేల కోసం పోరాడాడని చెబుతామో ఆ నేల నీళ్ళ పాలవుతోంది. తెర మీద వీరుడి ప్రతాపం పెరిగేకొద్దీ నేల మీద మనుషులు కనపడకుండా పోవడం వినోదం సంగతి కాదు.

పైగా ఆ వీరుడు మైదానం నుంచి వచ్చిన క్షత్రియుడు. మన్యం తిరుగుబాట్లు 1922లో మొదలవలేదు. 1839 నుంచి 1924 దాకా గూడెం, రంప కొండల్లో ఆదివాసులు మళ్ళీ మళ్ళీ లేచారని డేవిడ్ ఆర్నాల్డ్ 1982లోనే వివరంగా రాశాడు. 1879 తిరుగుబాటు మన భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా పాకింది. పోడు మీద పన్నులూ ఆంక్షలూ అక్కడి ప్రధాన కారణాలు. ఇంత పొడుగు చరిత్రలో సినిమాకి పనికొచ్చినవాడు బయటినుంచి వచ్చి నడిపించిన ఒక్కడే. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు వెనక వరసలో నిలబడ్డారు. వాళ్ళ ఆడవాళ్ళకి వెనక వరస కూడా దక్కలేదు.

మరి ప్రత్యామ్నాయ కథనం ఎక్కడ ఉంది? ఒకే కథని అనేకమంది అనేక రకాలుగా చెప్పే సంప్రదాయం కోయల్లో ఎప్పటినుంచో ఉంది. గట్టుగట్టుకీ వేల్పులు వేరు, ఆ వేల్పుల కథలున్న పడిగెలు వేరు. గుడ్డ మీద బొమ్మలుగా ఉన్న ఆ కథని డోలి కొడుతూ పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథని కోయ భాషలో పాడేవారు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన చనిపోయారు. పడిగెల మీద జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి కొద్దిమంది పనిచేశారు. మన సాహిత్య విభాగాల్లో ఎందరు ఈ కథలు విన్నారు? స్నైడర్ కూర్పుకీ వీడన్ కూర్పుకీ తేడాలు నిద్రలో లేపినా చెప్పగల కుర్రాళ్ళకి పక్క మండలంలో పాడే సమ్మక్క కథ కూర్పులు తెలియకపోతే తప్పు వాళ్ళది మాత్రమేనా?

సమ్మక్క పేరు ఊరికే తీయలేదు. సూపర్‌హీరోకి కావలసినవన్నీ ఆమెలో ఉన్నాయి. అడవిలో దొరికిన పసిపాప, కరువులో కప్పం కట్టమన్న కాకతీయ రాజ్యం, యుద్ధం, కొడుకు జంపన్న నెత్తురు కలిసిన వాగు, వెన్నులో బల్లెం పోటుతో చిలుకలగుట్ట వైపు నడిచి మాయమైన తల్లి. దేవుళ్ళ వెంటా పురాణాల వెంటా పరుగెడుతున్న తెలుగు సినిమా ఆమె దగ్గరకి రాకుండా ఉంటుందని నేను అనుకోను. వచ్చేలోగా మనం అడగాల్సినవి అడిగి పెట్టుకోవాలి.

మేడారం గద్దెల మీద విగ్రహం లేదు. సమ్మక్క కుంకుమ భరిణెగా వస్తుంది. పూజారులు కోయలు. ముఖం లేని తల్లికి క్యాలెండర్లు ఇప్పటికే ముఖం పెట్టాయి, పట్టుచీర కట్టాయి, తెల్లటి రంగు పూశాయి. సినిమా వస్తే కిరీటం పెడుతుంది, ఏదో ఒక పెద్ద దేవత అవతారమని చెబుతుంది, రాజ్యంతో ఆమెకున్న తగాదాని ఎవరో రాక్షసుడి మీదకి మళ్ళిస్తుంది. కప్పం అడిగిన రాజ్యాన్ని రాక్షసుడిగా మార్చేస్తే ఇక పోడు గురించి, ముంపు గురించి మాట్లాడక్కర్లేదు కదా! ఆ సినిమాకి దర్శకుడు ఎవరు, దర్శకురాలు ఎవరు అని చర్చించుకుంటూ కూర్చుంటామా? ఆ కథ హక్కు ఎవరిదని అడగాలి. ఏ గట్టువాళ్ళ అనుమతి తీసుకున్నారు, కోయ భాష ఎంత వినిపిస్తుంది, కథ రాసే గదిలో ఎందరు కోయ స్త్రీలున్నారు, వచ్చిన డబ్బులో మేడారానికి ఎంత అని అడగాలి. “తల్లి అందరిదీ” అన్న తియ్యటి మాటని జవాబుగా ఒప్పుకోకూడదు. అందరిదీ అన్నది ఎప్పుడూ బలమున్నవాడిదే అయింది.

నేను కోయ స్త్రీని కాదు. సమ్మక్క కథని నేను తిరగరాస్తానని బయల్దేరడం కూడా ఇంకో బయటి దర్శకుడు రావడమే. కానీ సీత నాకు తెలుసు. భద్రాచలానికి ముప్పై కిలోమీటర్లు దాటితే పర్ణశాల. సీత నారచీరలు ఆరేసిన గుర్తులని అక్కడి రాళ్ళ మీద చారలు చూపిస్తారు. బట్టలుతికిన జాడని కూడా పుణ్యక్షేత్రంగా చూపించే చోట, ఆ మనిషి ఏమనుకుందన్నది అడిగేవాళ్ళు లేరు. అడిగింది మన రచయిత్రులే. కృష్ణ సినిమా వచ్చిన కాలంలోనే రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ రాస్తున్నారు. ఓల్గా ‘విముక్త’లో సీతని శూర్పణఖ దగ్గరికీ, అహల్య దగ్గరికీ నడిపించారు. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చి, సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేతనే వాళ్ళ చరిత్రని చెప్పించింది. కథ కేంద్రాన్ని మార్చడం ఎలాగో తెలుగు స్త్రీలు ఎన్నడో చేసి చూపించారు. సినిమావాళ్ళు ఇంకా కుర్చీలో మనిషిని మార్చడం దగ్గరే ఉన్నారు.

అందుకని నా పిలుపు మనవాళ్ళకే. సినిమా విమర్శని మగ అభిమానుల పందెంగా వదిలేయకండి. విజయనిర్మల సినిమాల మీద పరిశోధనలు చేయించండి. ఆదివాసీ యువతులు తమ భాషలో, తమ కెమెరాతో తీసిన చిన్న చిత్రాన్ని సభకి పిలిచి చూపించండి. చర్ల, దుమ్ముగూడెం, కూనవరం వైపు పాడే డోలి కథలు, పాడేవాళ్ళు బతికి ఉండగానే, వాళ్ళ పేర్లతో, వాళ్ళ హక్కులతో రికార్డు కావాలి. ఇకమీదట ఎవరైనా “ఆ సినిమా ఫలానా ఆయన తీసి ఉంటేనా...” అని మొదలుపెడితే, మర్యాదగానే ఆపి, “అందులో ఆమె ఏం చేస్తుందో ముందు చెప్పండి” అని అడగండి.